విప్పి చూసి నేర్చుకున్న ఇంజనీరు – జి.డి. నాయుడుగారు



ఈ ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయవలసిందిగా మన సంఘం కార్యవర్గం కోరినప్పుడు నాకు మొదట తట్టిన పేరు జి.డి. నాయుడుగారిది. ఇందుకు రెండు కారణాలున్నాయి. ఆయన తమిళనాడులో పుట్టి పెరిగి అక్కడే కన్నుమూసినప్పటికీ తెలుగు మాతృభాషగా గల మనిషి. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఇక రెండవ కారణం మనమే. ఉద్యోగ విరమణ తరువాత మనలో కొందరు యంత్రాల మీద మనసు పెట్టారు. ఒకరు పాత రేడియో ముందేసుకుని కూర్చుంటున్నారు. ఒకరు సోలారు దీపం తయారు చేయాలని చూస్తున్నారు. మరొకరు మనవడి ఆటసామానులోని చిన్న మోటారుకు తీగలు కలిపి చూస్తున్నారు. అంతవరకు బాగానే ఉంది. కాని మొదటిసారి పొగ వచ్చేసరికి, లేదా విప్పినది తిరిగి బిగించాక రెండు మరలు చేతిలో మిగిలిపోయేసరికి, మొత్తం సామాను అటక ఎక్కుతున్నది. ఈ వయసులో మనకెందుకులే అనే మాట వినబడుతున్నది. అటకెక్కిన ఆ సామానును మళ్లీ కిందికి దింపించాలన్న ఆశతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. ముప్పైమూడు సంవత్సరాలు ఫైళ్లతో గడిపినవాణ్ణి. అయితే మేడ్చల్‌లో స్థిరపడి, శామీర్‌పేట వైపు బంధువుల తోటలకు వస్తూ పోతూ ఉండటం వల్ల మోటార్లతో పరిచయం ఏర్పడింది. ఈ ప్రాంతంలో ద్రాక్షతోటలు విరివిగా ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నాగపూరు రోడ్డుకు, కరీంనగర్ రోడ్డుకు అటూ ఇటూ పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడుతూ ఉండేవి. ఎడ్లతో మోట తోలిన బావులకు కరెంటు మోటార్లు వచ్చిన తరువాతనే అంతంత తోటలకు నీరందింది. ఆ మోటార్లకు బిగించిన రేకు మీద చూస్తే చాలావాటికి కోయంబత్తూరు పేరు కనబడేది. ఎక్కడో నీలగిరుల కింద ఉన్న ఊరి నుంచి మన బావుల దాకా మోటార్లు రావడం ఏమిటని ఆరా తీస్తూ పోతే నాకు నాయుడుగారి కథ దొరికింది.

విజయనగర రాజుల, నాయక రాజుల కాలంలో తెలుగునాట నుంచి దక్షిణానికి తరలి వెళ్లిన రైతు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల అనేకం ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం వారికి అలవాటు. అటువంటి కుటుంబంలో, కోయంబత్తూరుకు దగ్గరలోని కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న నాయుడుగారు జన్మించారు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు సరిపడలేదు. కొద్ది తరగతులతోనే చదువు ఆగిపోయింది. ఆ రోజుల్లో రైతు బిడ్డకు చదువు ఆగిందంటే పొలమే గతి. ఆయన కూడా కొంతకాలం పొలం పనులలోనే ఉన్నారు.

ఇరవై ఏళ్ల వయసు ప్రాంతంలో ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద పోతుండగా ఆయన చూశారు. అది 1912 నాటి రడ్జి కంపెనీ బండి. ఎద్దు గాని, గుర్రం గాని లాగకుండా ఒక వాహనం తనంతట తాను పరుగెత్తడం ఆయన మనసును పట్టుకుంది. ఊరు విడిచి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా కుదిరారు. రూపాయి రూపాయి కూడబెట్టి చివరకు 300 రూపాయలకు ఆ మోటారు సైకిలు కొన్నారు. నెలకు పది పదిహేను రూపాయల జీతం గొప్ప అనుకునే కాలంలో 300 రూపాయలంటే ఎన్ని నెలల కష్టమో లెక్క వేసుకోండి. అంత సొమ్ము పోసి కొన్న బండిని ఆయన ఊరేగడానికి వాడుకోలేదు. ఇంటికి తెచ్చి మర మరా విప్పి ముందు పరచుకున్నారు.

ఆ కాలపు రడ్జి బండిది ఒకే సిలిండరు గల ఇంజను. పెట్రోలు గాలితో కలిసి సిలిండరులోకి రావాలి. పిస్టను దానిని నొక్కాలి. సరిగ్గా ఆ క్షణానికి మాగ్నెటో నుంచి నిప్పురవ్వ పడాలి. మండిన వాయువు పిస్టనును తోయాలి. కాలిన పొగ బయటికి పోవాలి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి వేళ తప్పినా బండి కదలదు. ఇదంతా చెప్పే గురువు గాని, చదువుకునేందుకు పుస్తకం గాని ఆయనకు లేవు. విప్పడం, బిగించడం, నడవకపోతే మళ్లీ విప్పడం, ఇదే ఆయన పాఠశాల. ఈ పాఠశాలలో పరీక్ష తప్పడం అంటూ ఉండదు. బండి కదలలేదంటే ఐదు పనులలో ఏదో ఒకటి జరగడం లేదని అర్థం. ఏది జరగడం లేదో వెతకడమే తరువాతి పాఠం. ఈ విధంగా పనిచేస్తూనే ఆయన మంచి మెకానిక్ అయ్యారు.

ఇక్కడితో కథ సుఖాంతం కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన తిరుప్పూరులో పత్తి జిన్నింగు పెట్టి బాగా సంపాదించారు. ఆ ఉత్సాహంతో బొంబాయి పత్తి వ్యాపారంలోకి దిగారు. అక్కడి పెద్ద వర్తకుల ముందు నిలబడలేకపోయారు. సంపాదించినదంతా పోగొట్టుకుని తిరిగి కోయంబత్తూరు చేరుకున్నారు. మరొకరైతే ఊరిలో తల ఎత్తుకోలేక పొలానికి తిరిగి వెళ్లిపోయేవారేమో. నాయుడుగారికి మాత్రం బొంబాయిలో డబ్బు పోయిందే గాని చేతిలోని విద్య పోలేదు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల చెవి ఆయనకు మిగిలింది. ఆ చెవినే పెట్టుబడిగా పెట్టుకున్నారు.

అయితే చెవి ఒక్కటే ఉంటే బస్సు రాదు. కోయంబత్తూరులో వ్యాపారం చేస్తుండిన సర్ రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు ఈ యువకుని మీద నమ్మకం ఉంచి అరువు మీద బస్సు ఇచ్చారు. 1920లో ఆ బస్సు పొళ్లాచ్చి, పళని ఊళ్ల మధ్య తిరగడం మొదలుపెట్టింది. యజమాని, డ్రైవరు, మెకానిక్ అన్నీ నాయుడుగారే. పట్టుదల గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఆ మనిషి ఒంటరి పోరాటమే చెబుతాము. ఆ పట్టుదల చూసి చేయి అందించిన వాళ్లను మరచిపోతాము. స్టేన్స్ దొర అరువు ఇవ్వకపోతే ఈ కథ వేరే విధంగా ఉండేది. అలాగే తన పని తాను చక్కబెట్టుకోగల మెకానిక్ కాకపోయి ఉంటే స్టేన్స్ దొర అరువు ఇచ్చేవారూ కారు.

ఒక బస్సు పదిగా పెరిగింది. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పేరుతో ఆ సంస్థ నడిపిన బస్సుల సంఖ్య 1930లలో రెండు వందలు దాటింది. బస్సులు అన్ని ఉన్నప్పుడు మరమ్మతులూ అన్నే ఉంటాయి. విదేశాల నుంచి విడిభాగాలు వచ్చేదాకా బస్సును షెడ్డులో నిలబెడితే నష్టం. అందువల్ల బస్సుల వెంట వర్కుషాపు, వర్కుషాపు వెంట కార్ఖానా వచ్చాయి. కుతూహలం కొద్దీ నేర్చుకున్న పని ఈ విధంగా వందలాది కుటుంబాలకు అన్నం పెట్టింది.

ఇప్పుడు మన ద్రాక్షతోటల మోటారు దగ్గరకు వద్దాము. 1930ల ప్రారంభంలో నీలగిరులలో పైకారా జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించి కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు ఇచ్చింది. దానితో బట్టల మిల్లులు పెరిగాయి. బావుల మీద పంపులు పెట్టుకునే అవకాశం రైతులకు కలిగింది. కాని ఆ పంపును తిప్పే మోటారు సీమ నుంచి దిగుమతి కావలసిందే. నాయుడుగారు డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి 1937లో మోటారును ఇక్కడే తయారు చేశారు. భారతదేశంలో పూర్తిగా స్వదేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దానిని చెబుతారు. బాలసుందరం నాయుడుగారు తరువాతి కాలంలో టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. ఆ బాటలో కోయంబత్తూరు చుట్టూ మోటార్లు, పంపులు తయారు చేసే కార్ఖానాలు చిన్నవీ పెద్దవీ అసంఖ్యాకంగా వెలిశాయి.

మోటారు తయారీ అంటే ఏమంత గొప్ప అని ఎవరికైనా అనిపించవచ్చు. ఉద్యోగ విరమణ తరువాత నేను మేడ్చల్‌లో ఒక వైండింగు షాపులో కూర్చుని ఆ పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. కనుక దాని సంగతి కొంచెం చెప్పగలను. పలుచని ఇనుప రేకులను ఒకదానిపై ఒకటి పేర్చి స్టేటారు కూర్చాలి. దాని గాడులలో ఎనామెల్ పూసిన రాగితీగ చుట్టలను లెక్క తప్పకుండా దించాలి. ఒక్క చుట్ట తలకిందులైనా మోటారు మూలుగుతుందే గాని తిరగదు. తీగ మీది పూత గోరంత గీరుకున్నా కరెంటు ఇనుముకు తగిలి వైండింగు కాలిపోతుంది. రోటారుకూ స్టేటారుకూ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు, బేరింగు ఏమాత్రం అరిగినా రెండూ రాసుకుంటాయి. అన్ని సామాన్లూ సిద్ధంగా ఉన్న షాపులో, పక్కన చెప్పేవాడు ఉండగా, ఒక మూడు హార్సుపవరు మోటారు నా చేత తిరగడానికి రెండు నెలలు పట్టింది. కొలత పరికరాలు కూడా అంతంతమాత్రమైన 1937లో, ముందు చేసి చూపినవారెవరూ లేని చోట, అది ఎన్నిసార్లు కాలి ఉంటుందో ఊహించుకోండి.

నాయుడుగారి కుతూహలం ఒక్క మోటారుతో ఆగలేదు. బ్యాటరీ సెల్సుతో నడిచే చిన్న మోటారు అమర్చి రసాంట్ అనే గడ్డం గీసుకునే రేజరు రూపొందించారు. అతి పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, మోసానికి తావులేని ఓట్ల నమోదు యంత్రం ఆయన చేతిలో రూపు దిద్దుకున్నాయి. ఫొటోలు, సినిమా తీయడం ఆయనకు మరొక సరదా. 1936లో లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా ఫిల్ముకు ఎక్కించారు. ఆ సరదా కూడా ఊరికే పోలేదు. సినిమా కెమెరాకు దూరాన్ని సరిచేసే పరికరం ఒకటి ఆయన రూపొందించారు. ఉదయం ఆరు గంటలకు పునాది తీసి సాయంత్రం ఐదు గంటలకల్లా ఇల్లు పూర్తి చేసి చూపారు. పొలాన్నీ వదలలేదు. పత్తిలో, మొక్కజొన్నలో, బొప్పాయిలో కొత్త రకాలపై ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్ గారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ తోటను చూడటానికి వెళ్లారు.

విశ్వేశ్వరయ్యగారి పేరు వచ్చింది కనుక ఒక్క మాట. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణకు పథకం వేసినవారు ఆయనే. మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. ఆయన పూనా ఇంజనీరింగు కళాశాలలో క్రమపద్ధతిలో చదువుకున్న ఇంజనీరు. నాయుడుగారు కాలేజీ మెట్లెక్కని మనిషి. అంతటి విశ్వేశ్వరయ్యగారు ఆయన పని చూడటానికి వెళ్లడం మనం గుర్తుంచుకోదగిన విషయం.

ఇన్ని సాధించిన మనిషికి అన్నీ కలిసివచ్చాయనుకుంటే పొరపాటు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ఆయన ప్రకటించారు. కాని 70 రూపాయల రేడియో ఇంటింటికీ చేరలేదు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రూపొందించారు. ధర రెండు వేల రూపాయలు. 1951 నాటి పరిశ్రమల చట్టంతో అటువంటి తయారీకి ప్రభుత్వ లైసెన్సు అవసరమైంది. ఆ లైసెన్సు రాలేదు. కారు ఆగిపోయింది. ఇంజను చెడితే విప్పి చూడవచ్చు, ఫైలు చెడితే విప్పడానికి మర ఉండదు. జీవితమంతా ఫైళ్లు నడిపినవాణ్ణి గనుక ఆ ఆగిపోయిన కారును తలచుకుంటే నాకు కొంచెం బాధగానే ఉంటుంది. ఆయన మాత్రం కారు ఆగిందని చేతులు ముడుచుకోలేదు. వేరే పనిలో పడ్డారు.

పట్టుదలకు మరొక ముఖం కూడా ఉన్నది. అదీ చెప్పాలి. 1945లో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద ఇంజనీరింగు కళాశాల నెలకొల్పడంలో నాయుడుగారు ప్రధాన పాత్ర వహించారు. బడి చదువు పూర్తి చేయని మనిషి ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. నేడు అది గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ పేరుతో నడుస్తున్నది. కోర్సు నాలుగేళ్లు ఉండాలని ప్రభుత్వం అన్నది. రెండేళ్లు చాలునని, మిగిలినది కాలహరణమని ఆయన వాదించారు. మాట నెగ్గలేదు. పదవి వదులుకున్నారు. తన చేతులతో, తన వేగంతో నేర్చుకున్న మనిషికి అందరూ అంతే వేగంగా నేర్వగలరని అనిపించడం సహజం. కాని అందరూ నాయుడుగార్లు కారు. ఒక మోటారుకే రెండు నెలలు పట్టిన నావంటివాళ్లకు నాలుగేళ్లు కూడా ఎక్కువ కాదు. ఆయన అక్కడే ఉండి మధ్యేమార్గం చూసి ఉంటే ఎన్ని తరాల విద్యార్థులు ఆయన చేతి పని చూసి నేర్చుకునేవారో! మర బిగుసుకున్నప్పుడు ఆయన నూనె వేసి, కాసేపు ఆగి, మళ్లీ ప్రయత్నించి ఉంటారు. మనుషులతో అంత ఓపిక పట్టలేదనిపిస్తుంది. మహనీయుల జీవితం నుంచి నేర్చుకోవలసినదే కాక, జాగ్రత్తపడవలసినదీ కొంత ఉంటుంది.

1944లోనే ఆయన తన మోటారు సంస్థల నిర్వహణ నుంచి తప్పుకుని, పరిశోధక విద్యార్థులకు వేతనాలు, ఉద్యోగులకు సంక్షేమ పథకాలు ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. రెండు వేల రూపాయల కారు ఆ తరువాత ఎనిమిదేళ్లకు వచ్చిందని గమనించండి. అంటే విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన మళ్లీ హాబీకే తిరిగి వెళ్లారన్నమాట. 1974 జనవరి 4న, ఎనభై ఏళ్లు నిండిన తరువాత పరమపదించారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పరికరాలతో ఒక ప్రదర్శనశాల ఉన్నది. అదే రోడ్డు మీద నిర్మించిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు 2025లో ఆయన పేరు పెట్టారు.

ఇక మన సంగతి. ద్రాక్షపందిళ్లు పోయాయి. నీళ్లు అడుగంటాయి, భూముల ధరలు పెరిగాయి, తోటల స్థానంలో కాలనీలు వచ్చాయి. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, పెద్ద విద్యాసంస్థలు వెలిశాయి. అయినా మోటారు ఎక్కడికీ పోలేదు. ప్రతి ఇంటి బోరులో, సంపులో, మిక్సీలో తిరుగుతూనే ఉన్నది. నేర్చుకోదలచినవారికి పాఠ్యపుస్తకం ఇంటిలోనే ఉన్నట్లు లెక్క.

నాయుడుగారి జీవితం చదివాక నేను అలవరచుకున్న నాలుగు పద్ధతులు చెప్పి ముగిస్తాను. మొదటిది, పని చేసే వస్తువు జోలికి పోవద్దు. పాత సామాను కొట్టులో దొరికే చెడిపోయిన దానితో మొదలుపెట్టాలి. అది చెడేదేమీ ఉండదు గనుక భయం ఉండదు. రెండవది, విప్పిన ప్రతి మరనూ విప్పిన వరుసలోనే పాత గుడ్డ మీద పేర్చి, నోటుబుక్కులో బొమ్మ గీసుకోవాలి. బిగించేటప్పుడు చివరి నుంచి మొదటికి రావాలి. మూడవది, కరెంటు వస్తువైతే ప్లగ్గు పీకి, మెయిను ఆపిన తరువాతే చేయి పెట్టాలి. ఈ వయసులో ధైర్యం కన్నా జాగ్రత్త ముఖ్యం. నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, చెడిన రోజున ఎందువల్ల చెడిందో ఒక్క వాక్యం రాసి పెట్టుకోవాలి. ఆ వాక్యం రాసిన తరువాత అది ఓటమి కాదు, పాఠం అవుతుంది. నా నోటుబుక్కులో అటువంటి వాక్యాలు ఇరవై దాకా ఉన్నాయి.

మనకు పై అధికారి లేడు, గడువు లేదు, ప్రమోషను లేదు, మెమో ఇచ్చేవాడూ లేడు. ఇంత స్వేచ్ఛగా నేర్చుకునే అవకాశం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనకు దొరకలేదు. మన సంఘం గదిలో ఒక బల్ల, ఒక స్పానర్ల సెట్టు, ఒక టెస్టరు ఏర్పాటు చేస్తే అటకెక్కిన సామానంతా అక్కడికి తెచ్చుకుని నలుగురం కలిసి కూర్చోవచ్చు. ఒకరికి తోచనిది మరొకరికి తోస్తుంది. కార్యవర్గం ఈ విషయం వచ్చే సమావేశంలో పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. ముందుగా నా తరఫున ఒక పాత మూడు హార్సుపవరు మోటారును ఆ బల్లకు ఇస్తాను. ప్రస్తుతానికి అది తిరుగుతున్నది. విప్పడానికి మీరంతా రండి.